చీటీలో అంకెలన్నీ పచ్చగానే ఉన్నా టైరు ఒకవైపే ఎందుకు అరుగుతోంది?

తిరుపతి, చిత్తూరు వైపు కార్లు నడిపేవాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: ‘మొన్ననే అలైన్‌మెంట్ చేయించాం, చీటీలో అంకెలన్నీ పచ్చగానే వచ్చాయి, అయినా ముందు టైర్ల లోపలి అంచు గుండైపోయింది.’ అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలను మెషీన్ మీద కొలిచి సరిచేయడం. చీటీలో పచ్చ అంటే కోణం ఆ కారుకు ఉండాల్సిన హద్దుల్లో ఉందని, ఎరుపు అంటే హద్దు దాటిందని. చీటీ పచ్చగా ఉండీ టైరు అరిగినంత మాత్రాన మెషీన్ తప్పు చెప్పిందని అనుకోనక్కర్లేదు. అది కొలిచేది సమతలమైన ర్యాంపు మీద ఖాళీగా, కదలకుండా నిలబడ్డ కారును. టైరు అరిగేదేమో నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, బ్రేకు మీద కాలు, ఘాట్ రోడ్డు మలుపులు అన్నీ కలిసినప్పుడు. నిలబడ్డప్పుడు సరైన కోణంలో ఉన్న చక్రం ఆ బరువులో, ఆ బ్రేకులో కూడా అదే కోణంలో ఉంటుందని చెప్పలేం. కాబట్టి వెతుకులాట టైరు దగ్గర మొదలవ్వాలి. అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర చేసే పని. దాన్నే మొదట చేయించడం వల్ల డబ్బు పోతుంది, టైరూ పోతుంది, అసలు లోపం అక్కడే ఉండిపోతుంది.

ముందుగా టైరును సరిగ్గా చూడాలి. కారు పక్కన నిలబడితే కనబడేది బయటి అంచు మాత్రమే. లోపలి అంచు తీగలు తేలేదాకా అరిగిపోయినా, బయటి నుంచి చూసేవారికి టైరు ఇంకా ఏడాది వస్తుందనే అనిపిస్తుంది. హైవే మీద ఎండలో టైరు పేలేది ఇలాంటి చోటే. స్టీరింగ్‌ను ఒకవైపు చివరిదాకా తిప్పితే ముందు టైరు ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే గాడుల భాగం, మొత్తం బయటికి కనబడుతుంది. వెనక టైర్లకు ఆ వీలు లేదు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడమాలి, తీగలు తేలి ఉంటే చెయ్యి కోసుకుంటుంది కాబట్టి నెమ్మదిగా. అనుమానం వస్తే జాకీ వేసి చక్రం విప్పడం మేలు.

కంటి అంచనా కంటే కొలత నమ్మకమైనది. ట్రెడ్ లోతు కొలిచే గేజ్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కొత్త కారు టైరుకు గాడి లోతు సాధారణంగా 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా కనబడే చిన్న రబ్బరు దిమ్మెల ఎత్తు 1.6 మి.మీ. ట్రెడ్ ఆ మట్టానికి దిగితే టైరు మార్చాల్సిందే. ప్రతి టైరుకూ లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి అని మూడు చోట్ల కొలవాలి. చక్రం చుట్టూ మరో మూడు నాలుగు చోట్ల అదే పని మళ్లీ చేయాలి. చుట్టూ ఒకే లోతు వస్తే తేడా కోణాల్లోనో గాలిలోనో ఉందని అర్థం. ఒకచోట 4, జానెడు దూరంలో 5.2 అని ఎగుడుదిగుడుగా వస్తే చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందని, అంటే షాక్ అబ్జార్బర్, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చూడటం), బేరింగ్ వైపు చూడాలని అర్థం. అడ్డంగా అర మి.మీ. తేడాకు కంగారు పడనక్కర్లేదు. ఒక మి.మీ. దాటితే కారణం వెతకాలి.

గాలి సంగతి

రెండు అంచులూ అరిగి మధ్య భాగం మిగిలితే గాలి తక్కువ. మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఇది చాలామందికి తెలిసిందే. ఈ ప్రాంతంలో గాలి ఎలా తగ్గిపోతోందన్నది మాత్రం వివరంగా చెప్పాలి.

తిరుమల నుంచి దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువగా ఉన్నది దాని మీదే. కొండ మీది నుంచి ఊరికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగాలి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ పెట్టిన నిబంధన. అంతసేపూ బ్రేకు డిస్కులు కాగుతూనే ఉంటాయి, ఆ వేడి రిమ్ముకు, రిమ్ము నుంచి టైరులోని గాలికి పాకుతుంది. ఇక మలుపుల్లో రబ్బరు నలిగి పుట్టే వేడి ఉండనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్‌ఐ ఉన్న టైరు అలిపిరి దాటి కిందికి వచ్చేసరికి 37, 38 చూపించడం మామూలే. దిగిన కారు నేరుగా బంకుకో పంక్చర్ షాపుకో వెళ్తుంది. ‘గాలి ఎక్కువుంది సార్’ అని 33 దాకా వదిలేస్తారు. మర్నాడు పొద్దున టైరు చల్లారాక చూస్తే ఉండేది 29. ఆ టైరుతోనే అయిదుగురు కాణిపాకం, అక్కడి నుంచి వేలూరు పోయి వస్తారు. ఇలా ప్రతి కొండ ప్రయాణం తర్వాతా జరిగితే అంచులు అరగక ఏమవుతాయి?

గాలి చూడాల్సింది కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, లేదా ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపు నడిపాక. వేడి మీద ఎక్కువ చూపిస్తే వదలకూడదు. వాతావరణంలో అయిదారు డిగ్రీల తేడాకు సుమారు ఒక పీఎస్‌ఐ మారుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో సరిచూసిన టైరుకు డిసెంబరు తెల్లవారుజామున మూడు నాలుగు పీఎస్‌ఐ తక్కువ ఉంటుంది, ఎక్కడా పంక్చర్ లేకుండానే. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీది స్టిక్కరులో రాసి ఉంటుంది. మామూలు బరువుకు ఒక అంకె, నిండు బరువుకు మరో అంకె ఇచ్చే కార్లు చాలా ఉన్నాయి. కొండకు నిండుగా వెళ్లేటప్పుడు రెండో అంకె పాటించాలి. టైరు పక్కగోడ మీద ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. దాన్ని చూసి గాలి పట్టించకూడదు. నైట్రోజన్ అయినా మామూలు గాలి అయినా అరుగుదల దగ్గరకు వచ్చేసరికి పనికొచ్చేది పీడనం ఎంతన్నదే.

టోను చేత్తో పట్టుకోవచ్చు

కారును పైనుంచి చూసినట్టు ఊహిస్తే, ముందు చక్రాల ముందు భాగాలు ఒకదాని వైపు మరొకటి తిరిగి ఉంటే టో-ఇన్, ఎడంగా తిరిగి ఉంటే టో-అవుట్. అరుగుదలకు అన్ని కోణాల్లోకీ ఎక్కువ కారణమయ్యేది ఇదే. ఒక చక్రం ఉండాల్సిన దిశ నుంచి 0.2 డిగ్రీలు తిరిగి ఉందనుకుందాం. కంటికి కనబడని తేడా అది. లెక్క కడితే ఆ టైరు ప్రతి కిలోమీటరుకు మూడున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు. పదివేల కిలోమీటర్లకు అది 35 కిలోమీటర్లు. బరువు మోస్తున్న రబ్బరు తారు మీద అంత దూరం రాసుకుంటే అంచు ఎందుకు మాయమైందో వేరే చెప్పక్కర్లేదు.

టో తేడాను పట్టుకోవడానికి మెషీన్ దాకా పోనక్కర్లేదు, అరచెయ్యి చాలు. టైరు ట్రెడ్ మీద అడ్డంగా, ముందు బయటి నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి రాయాలి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉంటే టో బాగున్నట్టే. బయటి నుంచి లోపలికి నున్నగా జారి, లోపలి నుంచి బయటికి రాసినప్పుడు రంపపు పళ్లలా తగిలితే టో-ఇన్ ఎక్కువ. దానికి తిరగబడితే టో-అవుట్ ఎక్కువ. కారణం ఇది: టో-ఇన్ ఎక్కువైన చక్రం తాను తిరుగుతున్న దిశకు బయటి వైపు ఈడ్చుకుపోతుంది. అప్పుడు ప్రతి రబ్బరు కట్టకూ బయటి అంచు ముందుగా రోడ్డుకు ఒరుసుకుని గుండ్రంగా అవుతుంది, లోపలి అంచు పదునుగా మిగులుతుంది. లోపలి నుంచి వచ్చే వేళ్లకు ఆ పదునే తగులుతుంది. అరుగుదల కంటికి కనబడకముందే, వెయ్యి రెండువేల కిలోమీటర్లకే ఈ గరుకు చేతికి తెలుస్తుంది. నెలకోసారి గాలి చూసుకునేటప్పుడు ఈ పనీ చేసుకునేవాళ్లకు టైర్లు నష్టపోయే పరిస్థితి దాదాపు రాదు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన గుర్తు ఉంది. కారు నడుస్తున్నప్పుడు ముందు చక్రాలు రెండూ స్టీరింగ్ ద్వారా కలిసే ఉంటాయి కాబట్టి, టో లోపం మొత్తం రెంటికీ సమంగా పంచుకుపోతుంది. తప్పు ఎడమ టై రాడ్‌లో, అంటే స్టీరింగ్‌ను ఎడమ చక్రానికి కలిపే కడ్డీలో ఉన్నా సరే, అరిగేది రెండు టైర్లూ, ఒకే వైపు అంచు. ముందు రెండు టైర్లలో ఒక్కటే అరిగి రెండోది బాగుంటే అది టో లోపం కావడం అరుదు. అప్పుడు ఆ చక్రం తాలూకు క్యాంబర్, అంటే చక్రం నిలువుగా ఉందా, లోపలికో బయటికో వాలి ఉందా అన్నది చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వృథా ఖర్చు తప్పుతుంది.

ఉదాహరణకు ఒక చిన్న సెడాన్ ముందు టైర్ల కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. ఎడమ టైరు: లోపల 2.4, మధ్యలో 5.1, బయట 5.3 మి.మీ. కుడి టైరు: లోపల 4.9, మధ్యలో 5.2, బయట 5.1. చేత్తో రాస్తే ఎక్కడా రంపపు పళ్లు తగలడం లేదు. ఈ కొలతలకు టో కారణం కాదు. ఎడమ చక్రం పైభాగం లోపలికి వాలి ఉంది. మెషీన్ మీద పెడితే ఎడమ క్యాంబర్ మైనస్ ఒకటిన్నర డిగ్రీ, కుడి మైనస్ పావు డిగ్రీ లాంటి అంకెలు రావాలి. వచ్చాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు భాగంలో కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. క్యాంబర్‌ను తిప్పి సరిచేసే ఏర్పాటు ఉండదు. అందువల్ల ‘క్యాంబర్ కొంచెం ఎర్రగా ఉంది, టో సరిచేశాం, వాడుకోండి’ అని పంపేస్తే ఆ టైరు మళ్లీ అలాగే అరుగుతుంది. వంగింది ఏదో కనిపెట్టాలి. వానలకు లేచిపోయిన తారు గుంతలోనో, చీకట్లో గుర్తులేని స్పీడ్ బ్రేకరు మీదో గట్టిగా పడినప్పుడు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు) వంగడం, నకిల్ (చక్రం బేరింగ్‌ను పట్టి ఉంచే ఇనుప దిమ్మె) వంగడం, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే చెయ్యి) వంగడం జరుగుతాయి.

ఏది వంగిందో చెప్పడానికి మెషీన్‌లోనే ఒక దారి ఉంది, అడిగి చూపించుకోవాలి. ఎస్‌ఏఐ లేదా కేపీఐ అనే కోణం చీటీలో ఉంటుంది, అంటే ముందు నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు లోపలికి ఎంత వాలి ఉందన్నది. ఆ కోణాన్నీ క్యాంబర్‌నూ కలిపితే వచ్చే మొత్తం రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండాలి. క్యాంబర్ తేడాగా ఉండి మొత్తం కూడా తేడాగా ఉంటే స్ట్రట్టో నకిలో వంగింది. క్యాంబర్ తేడాగా ఉన్నా మొత్తం సమంగా ఉంటే ఆ రెండూ బాగున్నాయి, లోయర్ ఆర్మో, ఆ ఆర్మ్‌ను బిగించే కింది చట్రం సబ్‌ఫ్రేమో, పైన స్ట్రట్ బిగించిన చోటో జరిగింది. ఈ లెక్క వేయకుండా స్ట్రట్ మార్చడం, అది కాకపోతే ఆర్మ్ మార్చడం అంటే కారు యజమాని డబ్బుతో ప్రయోగాలు చేయడమే. ఇన్నోవా క్రిస్టా తరహా పెద్ద బండ్లలో ముందు డబుల్ విష్‌బోన్, అంటే చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్ ఉంటుంది, క్యాంబర్, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండూ సరిచేసుకోవచ్చు. వాటిలో ఒకటి తిప్పితే మిగతావి మారతాయి కాబట్టి క్యాస్టర్, క్యాంబర్, చివర టో అన్న వరుస తప్పకూడదు.

బ్రేకు వేస్తేనే బయటపడే లోపం

చీటీలో అన్నీ సరిగ్గా ఉండి, రెండు ముందు టైర్ల లోపలి అంచులూ అరుగుతుంటే ఈ ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది లోయర్ ఆర్మ్ వెనక బుష్, అంటే ఆర్మ్ బిగింపు దగ్గర ఉండే రబ్బరు గొట్టం. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కు బాడీ వైపు రెండు బుష్‌లు ఉంటాయి. వెనకది పెద్దది, మెత్తనిది. బ్రేకు వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడు అంతా ఈ రబ్బరు మీదే పడుతుంది. రబ్బరు పగిలిందంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆర్మ్ కొంచెం వెనక్కి జరుగుతుంది, టై రాడ్ మాత్రం కదలదు. ఆ జరుగుడుకు చాలా కార్లలో చక్రం ముందు భాగం బయటికి తెరుచుకుంటుంది. అంటే బ్రేకు ఉన్నంతసేపూ టో-అవుట్, కాలు తీయగానే మళ్లీ మామూలు. ర్యాంపు మీద నిలబడ్డ కారులో ఇది కనబడే ప్రసక్తే లేదు. తిరుమల దిగేటప్పుడు, భాకరాపేట ఘాట్‌లో, పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఎంతసేపు ఉంటుందో తలుచుకుంటే టైరు ఎక్కడ అరుగుతోందో అర్థమవుతుంది. రోజూ యాత్రికులను కొండకు తిప్పే ట్యాక్సీల్లో ఈ బుష్‌లు హైవే మీదే తిరిగే కార్ల కంటే ముందే పోతాయి.

పరీక్ష కష్టమేమీ కాదు. ఖాళీ స్థలంలో కారును రివర్స్‌లో మెల్లగా పోనిచ్చి బ్రేకు వేయాలి, వెంటనే ముందుకు పోనిచ్చి మళ్లీ వేయాలి. కింది నుంచి ‘టక్’మని ఒక దెబ్బ వినబడితే బుష్ మీద అనుమానం బలపడుతుంది. వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ ఒకవైపు జారుతున్నట్టు, కాలు తీస్తే మళ్లీ కుదురుకున్నట్టు అనిపించడం మరో గుర్తు. ఖాయం చేసుకోవాలంటే కారును లిఫ్ట్ మీద ఎక్కించి, పొడవాటి ఇనుప కడ్డీ ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య పెట్టి ఎత్తి చూడాలి. మంచి బుష్ గట్టిగా కొంచెం సాగి వెనక్కి వస్తుంది. పోయిన బుష్‌లో రబ్బరు పగులు నోరు తెరుచుకుంటుంది, ఆర్మ్ అటూ ఇటూ ఆడుతుంది. కొత్త బుష్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త: ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. కొత్త బుష్ కొన్ని నెలలకే మళ్లీ చిరుగుతుంది. ‘డూప్లికేట్ బుష్ వేశారు’ అని స్పేర్ పార్ట్స్ షాపును తిట్టుకునే సందర్భాల్లో ఈ బిగింపు లోపమే ఉండటం తక్కువేం కాదు.

ముందు రెండు టైర్ల బయటి అంచులు మాత్రమే గుండ్రంగా అరిగితే అది టో-ఇన్ కావచ్చు, మలుపుల వల్లా కావచ్చు. అరచేతి పరీక్షే తేల్చాలి. టో-ఇన్ అయితే రంపపు పళ్లు ట్రెడ్ వెడల్పంతా ఉంటాయి. మలుపుల వల్ల అయితే గరుకు బయటి అంచు దగ్గరే, మిగతా అంతా నున్నన. రెండో రకానికి అలైన్‌మెంట్ మందు కాదు. గాలి నిండు బరువు అంకెకు పెంచడం, మలుపుకు ముందే వేగం తగ్గించి లోపల బ్రేకు లేకుండా తిరగడం, వేళకు టైర్ల స్థానాలు మార్చడం పనిచేస్తాయి.

కారు పక్కకు లాగుతుంటే కూడా అలైన్‌మెంటే అనుకోకూడదు. వాన నీరు పోవడానికి రోడ్లు అంచుకు వాలి ఉంటాయి. ఎడమ వైపు నడిచే కారు చేతులు వదిలితే ఎడమకు నెమ్మదిగా జరగడం సహజం. గట్టిగా లాగుతుంటే ముందు టైర్లు రెంటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి అదే రోడ్డు మీద చూడాలి. లాగుడు దిశ మారితే లోపం టైరులోనే ఉంది. మారకపోతే ఏదో బ్రేకు పట్టేసి ఉందేమో చూడాలి. పట్టేసిన చక్రం రిమ్ము మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటుంది, ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెట్టినా తెలుస్తుంది. అదీ కాకపోతే అప్పుడు కోణాలు. క్యాంబర్ రెండు వైపుల మధ్య అర డిగ్రీ మించి తేడా ఉంటే పైభాగం బయటికి ఎక్కువ వాలిన వైపుకు కారు లాగుతుంది. క్యాస్టర్ తేడా ఉంటే తక్కువ క్యాస్టర్ ఉన్న వైపుకు. బాణం గుర్తుతో ఒకే దిశలో తిరగాల్సిన టైర్లను ఇలా అటూ ఇటూ మార్చకూడదు.

వెనక టైర్లు, గుంతల అరుగుదల

వెనక టైర్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. ముందు చక్రాలతో నడిచే కార్లలో వెనక టైర్లు బరువు తక్కువ మోస్తాయి, అందుకే చక్రం ఎగిరిపడటం వాటికే ఎక్కువ. షాక్ అబ్జార్బర్ పట్టు పోతే ట్రెడ్ మీద బెత్తెడు బెత్తెడు దూరంలో గుంతలు పడతాయి. దాని శబ్దం 60 కి.మీ. వేగం దాటాక ‘ఊఁ’ అని మోగుతుంది, అచ్చం వీల్ బేరింగ్ పోయినట్టే. బేరింగ్ మార్చించి, శబ్దం పోక తలపట్టుకునేవాళ్లు ఎందరో. తేడా తెలుసుకోవాలంటే ఆ టైర్లను ముందుకు మార్చాలి: శబ్దం ముందుకు వస్తే టైరుది, వెనకే ఉంటే బేరింగ్‌ది. షాక్ అబ్జార్బర్ కడ్డీ చుట్టూ తడి నూనె, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే మార్చాలి, జతగానే. బాడీని నొక్కి వదిలి ఊగుళ్లు లెక్కపెట్టే పాత పద్ధతి పూర్తిగా చచ్చిపోయిన షాక్ అబ్జార్బర్‌నే పట్టుకుంటుంది, సగం పోయినదాన్ని పట్టుకోదు.

చిన్న కార్లలో వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం ఉంటుంది. దానికి సర్దుబాటు లేదు. గట్టి దెబ్బ తగిలితే వంగుతుంది, అప్పుడు వెనక టైరు ఒక్కటే ఒక అంచున అరుగుతుంది. వెనక చక్రాలకు స్టీరింగ్ లేదు కాబట్టి టో పంచుకోవడం అన్న మాట ఇక్కడ వర్తించదు. వెనక ఇరుసు ఒకవైపుకు చూస్తుంటే కారు నేరుగా పోవడానికి స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. చీటీలో థ్రస్ట్ యాంగిల్ అన్న అంకె దీని గురించే. ముందు టో ఎన్నిసార్లు సరిచేసినా స్టీరింగ్ మళ్లీ మళ్లీ వంకరగా నిలుస్తుంటే ఆ అంకె చూడకుండా వదలకూడదు.

అలైన్‌మెంట్‌కు ముందు, అలైన్‌మెంట్ దగ్గర

ర్యాంపు ఎక్కకముందే జాకీ మీద ముందు చక్రాన్ని లేపి రెండు పరీక్షలు చేయాలి. గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టి ఊపితే ఆడుతోందంటే వీల్ బేరింగో, కింది బాల్ జాయింటో (ఆర్మ్‌నూ నకిల్‌నూ కలిపే గుండు కీలు). మరొకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, అయినా ఆడుతుంటే బాల్ జాయింట్. 3, 9 దగ్గర పట్టి ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్, లేదా స్టీరింగ్ ర్యాక్ (టై రాడ్‌లను అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ) లోపలి జాయింట్. వదులైన టై రాడ్ ఎండ్‌తో టో సరిచేయడం వృథా, మొదటి గుంతలోనే అంకె మారిపోతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరకూడదు, స్టాండు పెట్టాలి. ఆ తర్వాత బ్యాలెన్సింగ్. 80 నుంచి 110 కి.మీ. మధ్య స్టీరింగ్ వణుకు దాని లక్షణం. రిమ్ము వంగి ఉంటే బరువులు ఎన్ని అతికించినా వణుకు పోదు.

మెషీన్ దగ్గర గమనించాల్సినవి కొన్నే, కానీ ఒక్కటీ వదలకూడదు. నాలుగు టైర్లలో గాలి అక్కడే సరిచూడాలి. కారు మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచుకున్నారో లేదో తెరమీద చూడాలి, ఎందుకంటే వేరే మోడల్ అంకెలకు సరిచేసినా చీటీ పచ్చగానే వస్తుంది. క్లాంపులు బిగించాక కారును కొంచెం వెనక్కి ముందుకు నెట్టి రిమ్ము వంకర లెక్క తీయించాలి. ముందు చక్రాల కింది తిరుగుడు పళ్లేల పిన్నులు తీసి ఉండాలి. స్టీరింగ్‌ను నేరుగా పెట్టి తాళం వేశాకే టై రాడ్‌లు తిప్పాలి, రెండు వైపులా. ఒకవైపే తిప్పి మొత్తం టో సరిచేస్తే అంకె బాగుంటుంది, స్టీరింగ్ వంకరగా మిగులుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు టై రాడ్ దానితో పాటు తిరిగి టో జరిగిపోయే అవకాశం ఉంది. బిగించాక తెరమీద అంకె మరోసారి చూపించమనాలి. ర్యాక్ రబ్బరు బూట్లు మెలిపడితే సరిచేయాలి, లేకపోతే చిరిగి లోపలికి దుమ్ము, నీరు పోతాయి. ఈఎస్‌పీ (కారు జారిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కార్లలో టో మారాక స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను స్కానర్‌తో సున్నాకు తేవాల్సి రావచ్చు. డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు గుర్తు వెలిగి ఆరకపోతే ముందుగా దాన్నే అనుమానించాలి.

‘ముందు’, ‘తర్వాత’ అంకెలు రెండూ ఉన్న చీటీ తీసుకోవాలి. చాలాచోట్ల ‘తర్వాత’ అంకెలే ఇస్తారు. రోగం ఏమిటో చెప్పేది ‘ముందు’ అంకెలు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న కారును దాన్ని ఉంచే కొలిపించాలి. రోజూ నిండుగా తిరిగే బండి వెనక స్ప్రింగులు కూర్చుండిపోయి ఉంటే ముందు వాటిని మార్చాలి, ఎత్తు మారితే కోణాలూ మారతాయి.

టైర్ల స్థానాలు 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. ముందు చక్రాలతో నడిచే కారులో ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా ముందుకు, అంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు. మార్చాక ముందు వెనక గాలి అంకెలు వేరైతే మళ్లీ సరిచేయాలి. రెండే కొత్త టైర్లు వేస్తే అవి వెనక్కి వెళ్లాలి. వాన రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే మామూలు డ్రైవరుకు కారు అదుపులోకి రాదు.

లోపం సరిచేసిన రోజే నాలుగు టైర్ల కొలతలు చీటీ వెనక రాసుకుని తేదీ, కిలోమీటర్లు వేసుకోవాలి. అప్పటికే పడిన అరుగుదల తిరిగి రాదు. రంపపు పళ్లు నున్నబడటానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది, అప్పటిదాకా శబ్దం కొంత ఉంటుంది. 2 వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిస్తే లోపలి, మధ్య, బయటి గాడులు మూడూ సమంగా తగ్గి ఉండాలి. లోపలిది మిగతావాటి కంటే ఎక్కువ తగ్గి, చేతికి గరుకు కూడా తగులుతుంటే బుష్‌ల దగ్గరకు తిరిగి వెళ్లాలి. గరుకు లేకుండా ఒక్క టైరే తగ్గుతుంటే ఆ వైపు స్ట్రట్, ఆర్మ్ మళ్లీ చూడాలి.